కాంట్రాక్టర్ పనిలో మీ కారు దెబ్బతింటే: పరిహారం రాబట్టుకునే దారి

"పాలిష్ కొడితే పోద్దన్నా, మనోడి షెడ్డుంది, నేను చూస్కుంటా." పరంజా మీద నుంచి ఇటుక జారి బానెట్ మీద పడ్డప్పుడు మేస్త్రీ నోట వచ్చే మొదటి మాట దాదాపు ఇదే. కారు యజమాని సరేనంటాడు. వారం తర్వాత మేస్త్రీ ఫోన్ ఎత్తడు, నెల తిరిగేసరికి సైట్ ఖాళీ అయిపోతుంది. అప్పుడు చేతిలో ఫోటో ఉండదు, కాగితం ఉండదు. షోరూం వాళ్లు రాసిచ్చిన ఎస్టిమేట్ ఒక్కటే మిగులుతుంది.

ఇలాంటి డబ్బు కోర్టుకు పోకుండానే వసూలవుతుంది, చాలాసార్లు. అయితే రుజువులు మొదటి రోజే చేతికి రావాలి, అడగాల్సిన మనిషినే అడగాలి, అడిగే మొత్తానికి లెక్క ఉండాలి. ఈ మూడింట్లో ఏది లోపించినా అవతలివాడు బేరానికి దిగుతాడు.

ఎవరిని అడగాలి

దెబ్బ ఒకటే అయినా, ఆ కాంట్రాక్టర్‌ని పనికి పెట్టింది ఎవరన్నదాన్ని బట్టి దారి మారిపోతుంది.

మీ ఇంటి పనికి మీరే డబ్బిచ్చి పెట్టుకున్న పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్, బోర్‌వెల్ కాంట్రాక్టర్ అయితే మీరు చట్టం ప్రకారం వినియోగదారులు. ఉన్నవాటిలో తేలిక దారి ఇదే. మీ దగ్గర అతనికి రావాల్సిన బిల్లు బాకీ ఉంటే ఇంకా తేలిక. ఒక మినహాయింపు ఉంది: రోజు కూలికి మనిషిని పిలిచి, మీరే పక్కన నిలబడి పని చెప్పి చేయించుకుంటే, అది వినియోగదారుల చట్టం కిందకు వచ్చే సేవ కాదని వాదన వస్తుంది.

పక్కింటివాళ్లు పెట్టుకున్న కాంట్రాక్టర్‌కీ మీకూ ఒప్పందమేమీ లేదు. వినియోగదారుల కమిషన్ మీకు పనికిరాదు. ఇది నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం, అంటే సివిల్ వ్యవహారం. కూలీ చేసిన తప్పుకు అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్ జవాబుదారీ. గమేళా జారవిడిచిన కుర్రాడి మీద పడి లాభం లేదు. అతని దగ్గర అంత డబ్బూ ఉండదు, చట్టం వేలెత్తి చూపేదీ అతన్ని పెట్టుకున్నవాణ్ణే. ఇక ఇంటి ఓనర్ "నాకేం సంబంధం, మేస్త్రీని అడగండి" అంటాడు. ఆ మాటలో కొంత బలం ఉంది. స్వతంత్రంగా పని చేసే కాంట్రాక్టర్ నిర్లక్ష్యానికి పని ఇచ్చినవాడు మామూలుగా బాధ్యుడు కాడు. కానీ ఓనర్ దగ్గరుండి పని నడిపిస్తున్నా, రోడ్డువైపు గోడ పడగొట్టడం లాంటి ప్రమాదకరమైన పని అయినా బాధ్యత అతనిదాకా వస్తుంది. అందుకే నోటీసు ఇద్దరికీ పంపాలి. ఎవరి వాటా ఎంతో వాళ్లు తేల్చుకుంటారు. పైగా కాంట్రాక్టర్‌కి ఇవ్వాల్సిన డబ్బు ఓనర్ చేతిలో ఉంటుంది, అతను ఒక్క మాటంటే పని జరిగిపోతుంది.

అపార్ట్‌మెంట్‌కు రంగులు వేయిస్తుంటే అసోసియేషన్ కార్యదర్శికి రాయండి. ఫైనల్ బిల్లు చెల్లించేలోపే రాయాలి. చెల్లింపు అయిపోయాక అసోసియేషన్‌కీ పట్టు ఉండదు.

డ్రైనేజీ, పైపులైను, రోడ్డు పని అయితే వెనక నెల్లూరు కార్పొరేషనో, ఒంగోలు కార్పొరేషనో, ఆర్ అండ్ బీనో, జాతీయ రహదారి 16 మీదైతే జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐనో ఉంటుంది. దీని సంగతి చివర్లో.

టిప్పర్, జేసీబీ, రెడీమిక్స్ లారీ గుద్దితే అసలు దారే వేరు. అది మోటారు వాహన ప్రమాదం, ఆ బండి ఇన్సూరెన్స్ నుంచి రాబట్టాలి.

మొదటి గంటలో

1. కారు కదపకండి. ముఖ్యంగా తవ్విన గోతిలోనో, రోడ్డు మీద వదిలేసిన కంకర కుప్ప మీదో కింది భాగం తగిలితే ఇంజిన్ ఆపేసి వంగి చూడండి. నూనె చుక్కలు పడుతుంటే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. సంప్ (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టి) పగిలిన కారును "షెడ్డుదాకా పోనిద్దాం" అని నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది. ఆ రెండో నష్టాన్ని ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు. కాంట్రాక్టర్ కూడా అది మీ తప్పే అంటాడు, ఆ మాట నిలబడుతుంది. టోయింగ్ పిలిపించి రసీదు తీసుకోండి.

2. ఫోటోలు తీస్తూ దూరం నుంచి దగ్గరకు రండి. మొదట కారు, సైటు, పరంజా మూడూ ఒకే ఫ్రేమ్‌లో. తర్వాత నంబర్ ప్లేటుతో కారు. ఆ తర్వాత దెబ్బతిన్న ప్యానెల్. చివర దెబ్బ పక్కన రూపాయి బిళ్ల పెట్టి దగ్గరగా. సొట్టను ఎదురుగా తీస్తే కనపడదు, పక్కవాటుగా వెలుతురు పడేలా తీయండి. ఒక వీడియోలో కారు చుట్టూ తిరిగి, చివర్లో సైటు బోర్డు చూపించండి. వల కట్టలేదని, పలకలు అడ్డం పెట్టలేదని, హెచ్చరిక బోర్డు లేదని తెలిసేలా ఖాళీ జాగాలు కూడా తీయండి. నిర్లక్ష్యానికి అసలు రుజువు అదే.

3. పడ్డ వస్తువును దాచండి. ఇటుక ముక్క, సెంట్రింగ్ మేకు, ప్లాస్టరింగ్ పెచ్చు ఏదైనా కవర్లో వేసి తేదీ రాయండి. కారు మీద రంగు తుంపర్లుంటే సెల్లోటేపు అంటించి లాగి, తెల్ల కాగితం మీద అతికించి, తేదీ వేసి, చూసినవాళ్లతో సంతకం పెట్టించండి. సైటులో వాడుతున్న రంగు డబ్బా లేబుల్ ఫోటో తీసి దీనికి జత చేయండి.

4. మేస్త్రీ నోటితో చెప్పింది వాట్సాప్‌లోకి రావాలి. గొడవ పడకుండా మామూలుగా పంపండి: "ఈరోజు 11 గంటలకు మీ సైట్‌లో మూడో అంతస్తు నుంచి ఇటుక పడి నా కారు బానెట్, అద్దం దెబ్బతిన్నాయి. మీరు చూశారు, రిపేర్ చేయిస్తానన్నారు. ఎస్టిమేట్ తెచ్చి పంపుతాను." దానికి "సరే సార్" అని జవాబొస్తే సగం కేసు అయిపోయినట్టే.

5. సీసీటీవీ ఎవరి దగ్గరుందో అదే రోజు చూడండి. డీవీఆర్ (కెమెరా రికార్డర్) హార్డ్ డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతుంది. కొన్నిచోట్ల వారానికే, ఇంకొన్నిచోట్ల నెలకు. స్క్రీన్‌ను ఫోన్‌తో తీసిన వీడియో చాలదు, అసలు ఫైల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

ఫోన్లో తీసిన అసలు ఫైళ్లను చెరపొద్దు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గి, తీసిన సమయం వివరాలు పోతాయి. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. కేసు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియమం 2023 లోని 63వ సెక్షన్ కింద ఈ ఫైళ్లకు హ్యాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే, వేలిముద్ర లాంటి సంఖ్య) సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫైల్ లేకుంటే అక్కడ ఇబ్బంది.

దెబ్బను బట్టి చేయాల్సింది, చేయకూడనిది

*సిమెంటు పాలు, కాంక్రీటు చిందులు.* శ్లాబు వేసేరోజు కింద ఆపిన కార్లకు వచ్చే గతి. తడి సిమెంటు గట్టి క్షారం, పెయింట్ పైనున్న పారదర్శక పూత, క్లియర్ కోట్‌ను తింటుంది. ఫోటోలకు పది నిమిషాలు చాలు. ఆపైన ఒక్క నిమిషం ఆగకుండా పైపుతో నీళ్లు పారించండి. గుడ్డతో తుడవొద్దు, అందులోని ఇసుక గీతలు పెడుతుంది. ఆ గీతలు మీరు పెట్టుకున్నవే అని అవతలివాళ్లు అంటారు. ఎండిపోయిందా, గోరుతోనో బ్లేడుతోనో గీకకుండా కారు పెయింట్ శుభ్రం చేసే డిటెయిలింగ్ షాపుకు తీసుకెళ్లండి.

*స్ప్రే పెయింట్ తుంపర.* కంటికి సరిగా కనపడదు, చేతికి తెలుస్తుంది. పల్చటి పాలిథీన్ కవర్ చేతికి తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. గరుకుగా ఇసుక తగిలినట్టుంటే తుంపర పడ్డట్టే. తర్వాత కారుకు రెండోవైపు నిమిరి చూడండి. ఒకవైపే ఉంటే గాలి ఎటునుంచి వచ్చిందో అదే చెబుతుంది. సముద్రం దగ్గరున్న మన ఊళ్లలో మధ్యాహ్నం నుంచి గాలి తూర్పునుంచి తిరుగుతుంది. పైరగాలి వేళ వల కట్టకుండా స్ప్రే కొడితే పడమటివైపు మూడిళ్ల అవతలి కారు మీదా తుంపర వాలుతుంది. "మా సైటు అంత దూరం, మా రంగు కాదు" అన్నవాడికి జవాబు ఇదే. అదే వరుసలోని మిగతా కార్లనూ ఫోటో తీయండి. ఎమల్షన్ అయితే అదే రోజు షాంపూ నీళ్లకు పోవచ్చు. ఎనామిల్, పీయూ (పాలీయురేథేన్), ఎపాక్సీ అయితే క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్నదాన్ని లాగేసే మెత్తటి ముద్ద) పట్టించాల్సిందే. మేస్త్రీ తెచ్చే థిన్నర్ గుడ్డను కారు దగ్గరకు రానీయొద్దు. లైట్ల కవర్లు, ప్లాస్టిక్ బంపర్లు మసకబారిపోతాయి.

"పాలిష్" అనే మాట గురించి ఒక సంగతి. కంపెనీ పెయింట్‌లో పైనుండే క్లియర్ కోట్ మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. కాంపౌండ్ (అరగదీసే పాలిష్ పేస్టు) పట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. కాబట్టి పాలిష్ ఊరికే వచ్చేది కాదు, మీ కారు మీద నుంచే తీసి పెట్టేది. పరిహారం లెక్కలో దాన్ని చేర్చడంలో తప్పేమీ లేదు.

*వెల్డింగ్, గ్రైండింగ్ నిప్పురవ్వలు.* గేటు పనులు, గ్రిల్ పనుల దగ్గర ఎక్కువ. ఇనుప రజను కాలుతూ వచ్చి పెయింట్‌లో దిగబడుతుంది. మొదటిరోజు ఏమీ కనపడదు, కొన్నాళ్లకు తెల్ల కారు మీద తుప్పు చుక్కలు తేలతాయి. అద్దం మీద పడితే చిన్న గుంటలు పడతాయి, అవి పాలిష్‌కు పోవు, అద్దం మార్చాల్సిందే. రాత్రి ఎదురు లైటు పడ్డప్పుడు మెరుస్తూ కనపడతాయి కాబట్టి ఆ సమయంలో కూడా లోపలినుంచి ఒక ఫోటో తీయండి.

*టైల్స్ కడిగే యాసిడ్.* ఆవిరి చాలు, క్రోమ్ మచ్చపడుతుంది, బ్రేక్ డిస్కులు తుప్పెక్కుతాయి. వెంటనే నీళ్లు.

*తారు చుక్కలు, కంకర రాళ్లు.* తారుకు టార్ రిమూవర్ ఉంది, పెద్ద నష్టం కాదు. ముందద్దం మీద రాయి తగిలి చిన్న చుక్కలా పగిలితే రెజిన్ నింపి ఆపొచ్చు. కానీ మన ఎండల్లో కాలిన అద్దం మీద ఏసీ గాలి నేరుగా కొడితే ఆ చుక్క గీతై పాకుతుంది. అదే రోజు టేపు అంటించి, నీడన పెట్టి, షాపుకు తీసుకెళ్లండి. చీమకుర్తివైపు నుంచి ఒంగోలు వచ్చే గ్రానైట్ బండ్ల వెనక రాయి తగిలితే బండి నంబర్ లేకుండా చేయగలిగేది ఏమీ లేదు. డ్యాష్‌కామ్ ఉన్నవాళ్లు వెంటనే ఆ క్లిప్ లాక్ చేయాలి.

ఎంత అడగాలి

ఇక్కడే ఎక్కువమంది తక్కువకు ఒప్పుకుంటారు. రిపేర్ బిల్లు ఒక్కటే నష్టం కాదు.

ముందు రెండు ఎస్టిమేట్లు తీసుకోండి: ఒకటి మీ కంపెనీ సర్వీస్ సెంటర్‌ది, ఇంకొకటి జీఎస్టీ బిల్లు ఇవ్వగల మంచి టింకరింగ్, పెయింటింగ్ షెడ్డుది. పార్టులు, లేబర్, పెయింట్ విడివిడిగా రాయించండి. "మొత్తం ఇంత" అని ఒక్క అంకె రాసిన చీటీ కమిషన్ ముందు పనికిరాదు. 18 శాతం జీఎస్టీ కలిపి అడగాలి. ఎస్టిమేట్ చివర "విప్పాక బయటపడే దెబ్బలు అదనం" అని రాయించుకోండి, ఎందుకంటే బానెట్ కింద రేడియేటర్ సపోర్ట్ వంగిందో లేదో విప్పితేగానీ తెలియదు.

దానికి కలిపేవి: టోయింగ్, కారు షెడ్డులో ఉన్నన్ని రోజుల ప్రయాణ ఖర్చు రసీదులతో, ఇన్సూరెన్స్ వాడితే మీ జేబులోంచి పోయిన వాటా, పోయిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు).

ఈ చివరిదాన్ని ఎవరూ అడగరు. లెక్క చూడండి. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారు నష్టానికి కట్టే భాగం) బోనస్ తీయకముందు 9,000 అనుకుందాం. మీకు 50 శాతం బోనస్ ఉంది, కడుతున్నది 4,500. ఒక్క క్లెయిమ్ పెట్టగానే బోనస్ సున్నా. వచ్చే ఏడు 9,000 కట్టాలి, అంటే 4,500 ఎక్కువ. తర్వాత బోనస్ 20, 25, 35, 45 శాతాలుగా మళ్లీ మెట్లెక్కుతుంది. ఆ నాలుగేళ్లలో అదనంగా పడేది వరసగా 2,700, 2,250, 1,350, 450. మొత్తం 11,250 రూపాయలు. కారు పాతబడేకొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి అసలు అంకె దీనికంటే కొంచెం తక్కువే ఉంటుంది, అయినా వదులుకునేంత చిన్నది కాదు. బోనస్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ (బోనస్ పోకుండా కాపాడే అదనపు కవర్) ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు.

మీవైపు లోటు ఉంటే ముందే ఒప్పుకోండి. రేపు శ్లాబు, కార్లు తీయండి అని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చాక కూడా అక్కడే ఆపి ఉంటే పరిహారంలో కోత పడుతుంది. ఉన్న పాత గీతలను కూడా కొత్త బిల్లులో కలపొద్దు. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి.

సొంత ఇన్సూరెన్స్ వాడాలా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఈ ప్రశ్నే లేదు, మీ కారుకు అందులో ఏమీ రాదు. ఫుల్ పాలసీ ఉంటే, దెబ్బ పెద్దదీ అవతలివాడు మొండివాడూ అయినప్పుడు వాడండి. చిన్న దెబ్బలకు వాడితే బోనస్ పోయి నష్టమే మిగులుతుంది.

మీ జేబులోంచి పోయేది: 1500 సీసీ వరకు కారుకు తప్పనిసరి కోత 1,000, ఆపైన 2,000. జీరో డెప్ (తరుగు తీయకుండా కట్టే అదనపు కవర్) లేకపోతే రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం తరుగు తీస్తారు. అద్దానికి తరుగు లేదు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి: రెండో ఏడాదిలో 10, మూడో ఏడాదిలో 15, నాలుగో ఏడాదిలో 25 శాతం, ఇలా పెరుగుతుంది. పెయింట్ సరుకు ఖరీదుపై 50 శాతం తీస్తారు.

కంపెనీ పంపే సర్వేయర్ చూడకముందు రిపేర్ మొదలుపెట్టొద్దు. కబురు కూడా అదే రోజు ఇవ్వండి. ఆలస్యమైతే తుంపర, తుప్పు చుక్కల్లాంటివాటిని "మెల్లగా వచ్చిన అరుగుదల" అని తోసేస్తారు. ఇంకో మాట: ఇన్సూరెన్స్ కట్టాక ఆ డబ్బును కాంట్రాక్టర్ నుంచి రాబట్టే హక్కు కంపెనీకి వస్తుంది. మీరు కాంట్రాక్టర్‌కు "మొత్తం ముట్టింది, ఇక ఏ బాకీ లేదు" అని రాసిచ్చి, మళ్లీ క్లెయిమ్ పెడితే క్లెయిమ్ తిరస్కరించడానికి అది చాలు. ఒకే నష్టానికి రెండుచోట్ల తీసుకోవడం కుదరదు. పాలసీలో రాని భాగం మాత్రం కాంట్రాక్టర్‌ను అడగొచ్చు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయాలి. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు.

నోటీసు

లాయర్ అక్కర్లేదు. తెలుగులో మీరే రాయొచ్చు. కాంట్రాక్టర్‌కు, పని ఇచ్చినవారికి ఇద్దరికీ స్పీడ్ పోస్ట్‌లో పంపి, డెలివరీ రుజువు తీసి పెట్టుకోండి. అదే పీడీఎఫ్ వాట్సాప్‌లోనూ పంపండి. కోపం, బెదిరింపులు వద్దు. ఈ కాగితాన్ని ఎప్పుడో జడ్జి చదువుతారనుకుని రాయండి. నమూనా:

"శ్రీ ______ గారికి. ____ తేదీన ____ గంటలకు ____ వీధిలో మీరు చేస్తున్న పని స్థలం నుంచి ____ పడి నా కారు ఏపీ ____ దెబ్బతిన్నది. ఆ సమయంలో రక్షణ వల గానీ హెచ్చరిక బోర్డు గానీ లేవు. దెబ్బతిన్న భాగాలు: ____. రిపేర్‌కు ____ రూపాయలు, టోయింగ్‌కు ____, ప్రయాణ ఖర్చు ____, మొత్తం ____ రూపాయలు. ఎస్టిమేట్, ఫోటోలు జతచేశాను. కారును ____ తేదీ లోపు మీరు గానీ మీ మెకానిక్ గానీ వచ్చి చూసుకోవచ్చు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో పై మొత్తం నా ఖాతాకు చెల్లించగలరు. లేనిపక్షంలో చట్టప్రకారం చర్య తీసుకుంటాను, ఖర్చులు మీరే భరించాల్సి ఉంటుంది."

"వచ్చి చూసుకోవచ్చు" అనే వాక్యం మరవొద్దు. తర్వాత "మాకు చూపించకుండా రిపేర్ చేయించేశాడు" అనే వాదన దానితో పోతుంది.

మీ సొంత కాంట్రాక్టర్ అయితే ఆ మొత్తాన్ని చివరి బిల్లులో ఆపుకుంటున్నట్టు ఇందులోనే రాయండి. లెక్క చూపించి, నష్టమెంతో అంతే ఆపాలి. మొత్తం బిల్లు ఆపేస్తే అతను మీ మీద కేసు వేయడానికి దారి ఇచ్చినట్టు.

పెద్ద కాంట్రాక్టర్లు, ముఖ్యంగా రోడ్డు పనులవాళ్లు, కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ తీసుకుని ఉంటారు. అందులో బయటివాళ్ల ఆస్తి నష్టానికి కవర్ ఉండే అవకాశం ఎక్కువ. నోటీసులోనే "మీ పాలసీ కంపెనీకి ఈ నష్టం తెలియజేయండి" అని ఒక వాక్యం కలపండి. తన జేబులోంచి పోదని తెలిస్తే మనిషి మెత్తబడతాడు.

రాజీ కుదిరితే

డబ్బు ఖాతాలో పడ్డాకే "ముట్టింది" అని రాయండి. ఆ కాగితంలో కారు నంబర్, తేదీ, ఏ ఏ భాగాలకు ఈ డబ్బో స్పష్టంగా ఉండాలి. విప్పాక దొరికే దెబ్బలకు వేరే అని రాయించుకోండి. "మా షెడ్డులో చేయిస్తా" అంటే ఒప్పుకోవచ్చు, కానీ ఏ పెయింట్, ఎన్ని రోజులు, రంగు తేడా వస్తే మళ్లీ వేయాలా అన్నవి రాతలో ఉండాలి. మెటాలిక్ రంగులు ఒక్క డోరుకే వేస్తే పక్క ప్యానెల్‌తో కలవవు, పక్కదానిలోకి బ్లెండ్ చేయించాలి. ఈ ఖర్చు ముందే మాట్లాడుకోండి.

చెక్కు ఇస్తే మూడు నెలల్లోపు వేయాలి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక అతనికి 15 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. ఈ గడువుల్లో ఒక్కటి దాటినా చిక్కే. నిజానికి చెక్కు చేతికి రావడం మీకు మంచిదే. నిర్లక్ష్యం రుజువు చేయడంకంటే చెక్కు కేసు సూటిగా నడుస్తుంది.

కుదరకపోతే

*పోలీసు స్టేషన్.* 112కు చెప్పినా, స్టేషన్‌కు వెళ్లినా జనరల్ డైరీలో నమోదు చేయించి నకలు తీసుకోండి. ఇన్సూరెన్స్‌కు పనికొస్తుంది. కానీ పోలీసులు డబ్బు ఇప్పిస్తారని ఆశపడొద్దు. ఆస్తి ధ్వంసం నేరం కావాలంటే కావాలని చేసి ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసి చేసి ఉండాలి. ఇటుక జారిపడటం ఆ లెక్కలోకి రాదు. బండి గుద్దితే మాత్రం ఎఫ్‌ఐఆర్ కోసం గట్టిగా అడగండి.

*బండి గుద్దినప్పుడు.* నంబర్‌తో ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. వాణిజ్య వాహనం థర్డ్ పార్టీ పాలసీలో ఇతరుల ఆస్తి నష్టానికి మామూలుగా 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. ప్రీమియం తగ్గుతుందని కొందరు దాన్ని 6,000కు కుదించుకుంటారు. అప్పుడు మిగతాది బండి యజమానే కట్టాలి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. ప్రమాదం జరిగిన చోటే కాకుండా మీరు ఉండేచోటా వేయొచ్చు. అపార్ట్‌మెంట్ గేటు లోపల జరిగితే అది బహిరంగ స్థలం కాదని ఇన్సూరెన్స్ కంపెనీ వాదిస్తుంది, లాయర్‌తో ముందే మాట్లాడండి.

*వినియోగదారుల కమిషన్.* నెల్లూరు, ఒంగోలు రెండుచోట్లా ఉన్నాయి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కాంట్రాక్టర్ ఏ ఊరివాడైనా. పనికి మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. రెండేళ్ల గడువు. ఈ జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. దానికి ముందు వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే మంచిది, అయితే చిన్న మేస్త్రీల విషయంలో దానితో పెద్దగా పనవదు. పని ఒప్పందం కాగితం లేకపోతే ఫోన్‌పే చెల్లింపులు, కొటేషన్ మెసేజ్‌లు చాలు. ఎదుటివాళ్లు జవాబివ్వడానికి 30 రోజులు, ఇంకో 15 రోజులు పొడిగింపు ఉంటుంది. చట్టం చెప్పే మూడు నెలల్లో తేలుతుందని మాత్రం లెక్కేసుకోకండి.

*లోక్ అదాలత్.* పక్కింటి కాంట్రాక్టర్ కేసులకు మా ఓటు దీనికే. కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కావలి, ఆత్మకూరు లాంటి చోట్ల మండల కమిటీలో తెల్ల కాగితం మీద అర్జీ ఇస్తే ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందు రాజీ) కింద ఇద్దరినీ పిలుస్తారు. ఫీజు లేదు. న్యాయసేవాధికార సంస్థ నుంచి కాగితం వచ్చిందంటే ఫోన్ ఎత్తనివాడూ వస్తాడు. అక్కడ రాజీ కుదిరితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. ఇబ్బందల్లా, అవతలివాడు ఒప్పుకోకపోతే ఏమీ జరగదు. న్యాయ సలహాకు 15100కు ఫోన్ చేయొచ్చు.

*సివిల్ దావా.* మూడేళ్ల గడువు. కోర్టు ఫీజు, లాయర్ ఫీజు, వాయిదాలు చూసుకుంటే పాతిక ముప్పై వేల నష్టానికి ఇది గిట్టుబాటు కాదు. లక్ష దాటితే ఆలోచించండి.

*ప్రభుత్వ పని.* ముందు కాంట్రాక్టర్ ఎవరో తెలియాలి. సైటులో బోర్డు లేకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, పని పేరు, కాంట్రాక్టర్ పేరు, అగ్రిమెంట్‌లో బయటివాళ్ల నష్టం గురించిన నిబంధన, ఇన్సూరెన్స్ పాలసీ నకలు, చెల్లించని బిల్లు ఎంత అని అడగండి. జవాబుకు 30 రోజులు. ఈలోగా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార కార్యక్రమం)లో అర్జీ ఇచ్చి నంబర్ తీసుకోండి. కమిషనర్ డబ్బివ్వరు, కానీ ఇంజినీరు కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తారు, బిల్లు ఆ ఇంజినీరు సంతకం మీదే కదులుతుంది. దావా వేయాలనుకుంటే ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద. హైవే మీద, టంగుటూరు, వెంకటాచలం టోల్ ప్లాజాల మధ్య ఎక్కడైనా పని జరుగుతున్నచోట దెబ్బ తగిలితే వెంటనే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్, కిలోమీటర్ రాయి నంబర్ రాసుకోండి. ఆ రోజు ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ దాచండి. మీరు ఆ సమయంలో ఆ దారిలో ఉన్నారనడానికీ, టోల్ కట్టి రోడ్డు వాడుకున్నారనడానికీ అదే రుజువు.

గెలిచాక కూడా కొందరు కట్టరు. కమిషన్ ఆదేశం వచ్చి గడువు దాటితే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయాలి. ఆదేశం పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000కు తగ్గని జరిమానా, లేదా రెండూ వేసే అధికారం 2019 చట్టం 72వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. పిటిషన్‌లో కాంట్రాక్టర్ ప్రస్తుతం చేస్తున్న సైటు చిరునామా రాయండి. పాత చిరునామాకు పంపిన నోటీసులు "ఇల్లు తాళం" అని తిరిగొస్తాయి, సైటుకు పంపినవి అందుతాయి.